స్వీట్ హోమ్ అలబామా: నీల్ యంగ్‌కీ లెనర్డ్ స్కినర్డ్‌కీ నిజంగా పగ ఉండేదా?

కొత్తగా చదివేవాళ్ల కోసం మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను. మీరు అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో ఎంఎస్ చేస్తున్నారు. కార్ల నంబర్ ప్లేట్ల మీద 'స్వీట్ హోమ్ అలబామా' అని ఉండటం చూసి అదేంటని అడిగితే మీ రూమ్మేట్ ఒక కథ చెప్పాడు. నీల్ యంగ్ అనే కెనడా గాయకుడు లెనర్డ్ స్కినర్డ్ అనే అమెరికా దక్షిణాది బ్యాండ్‌ని పాటలో తిట్టాడట. వాళ్లు 'స్వీట్ హోమ్ అలబామా' అనే పాటలో ఆయన పేరు పెట్టి మరీ బదులు తీర్చుకున్నారట. ఆయన 'వాక్ ఆన్' అనే పాటతో మళ్లీ అంటించాడట. ఈలోగా ఆ బ్యాండ్ గాయకుడు విమాన ప్రమాదంలో పోవడంతో పగ అలాగే మిగిలిపోయిందట. ఇది నిజమేనా అన్నది మీ మొదటి ప్రశ్న. అక్కడి తెలుగు సంఘం కార్యక్రమంలో ఈ పాట పాడితే ఎవరైనా నొచ్చుకుంటారా అన్నది రెండోది.

నేను సికింద్రాబాద్‌లో గిటార్ నేర్పుతాను. డి, సి, జి కార్డ్స్ చేతికి రాగానే ప్రతి కుర్రాడూ ఈ పాట నేర్పమంటాడు, నేర్చుకున్నాక ఈ కథే అడుగుతాడు. అందుకని కాస్త వివరంగానే రాస్తున్నాను.

సూటిగా చెప్పాలంటే, పాటల్లో వాదన జరిగిన మాట నిజం. మనుషుల మధ్య పగ అబద్ధం. 'వాక్ ఆన్' ముచ్చట తేదీల దగ్గరే నిలబడదు. ఇక ఈ పాటలో ఇప్పటికీ తేలని గొడవ ఒకటుంది కానీ, అది నీల్ యంగ్ పేరున్న చరణంలో లేదు, దాని తర్వాతి చరణంలో ఉంది. ఇద్దరు గాయకులు కొట్టుకున్నారన్న కథ రసవత్తరంగా ఉండటంతో జనం ఆ చరణం దగ్గరే ఆగిపోయారు.

వరుసగా వద్దాం. నీల్ యంగ్ 'సదరన్ మ్యాన్' పాట 1970లో 'ఆఫ్టర్ ద గోల్డ్ రష్' ఆల్బమ్‌లో వచ్చింది. దక్షిణాది తెల్లవాడిని నిలదీసే పాట అది. నీ పవిత్ర గ్రంథం ఏం చెప్పిందో మరిచిపోకు, పత్తి చేలూ నల్లవాళ్లూ కనిపిస్తున్నారు, ఎత్తయిన తెల్ల మేడలూ పక్కనే పూరి గుడిసెలూ కనిపిస్తున్నాయి, ఆ బాకీ ఎప్పుడు తీరుస్తావు, ఇంకెంతకాలం అని అడుగుతాడు. అందులో మండే శిలువలు కూ క్లక్స్ క్లాన్‌వి, అంటే నల్లవాళ్ల మీద దాడులు చేసే తెల్లవాళ్ల రహస్య సంఘానివి. డి మైనర్‌లో నడిచే పాట, గిటార్ సోలో గీరుకుపోతున్నట్టు ఉంటుంది. కావాలనే అలా వాయించాడు. రెండేళ్లకు, 1972 ఫిబ్రవరిలో వచ్చిన 'హార్వెస్ట్' ఆల్బమ్‌లో 'అలబామా' అని ఇంకో పాట పెట్టాడు. ఈసారి ఒక రాష్ట్రాన్నే పేరు పెట్టి పిలిచాడు. మిగతా దేశమంతా నీకు తోడుగా ఉందిగా, ఏమైంది నీకు అన్న ధోరణి. అమెరికాలో ఆ ఏడాది అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైన ఆల్బమ్ 'హార్వెస్ట్', కాబట్టి పాట చాలా ఇళ్లకు చేరింది.

1970లో లెనర్డ్ స్కినర్డ్ అంటే ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్ చుట్టుపక్కల బార్‌లలో వాయించుకునే కుర్రాళ్లు. జుట్టు పెంచారని బడిలో వెంటపడిన పీటీ మాస్టారు లెనర్డ్ స్కిన్నర్ పేరునే అక్షరాలు అటూ ఇటూ చేసి బ్యాండ్‌కి పెట్టుకున్నారు. వాళ్ల మొదటి ఆల్బమ్ వచ్చిందే 1973 ఆగస్టులో. అంటే ఆ రెండు పాటలు రాసేనాటికి వీళ్లను తిట్టే ప్రసక్తే లేదు. మీ రూమ్మేట్ కథలో మొదటి మెట్టు ఇక్కడే ఊడిపోయింది.

మరి వీళ్లెందుకు బదులిచ్చారు? గాయకుడు రోనీ వాన్ జాంట్ ఆ రోజుల్లో చెప్పిన మాట అభిమానులందరికీ తెలిసిందే: ఒకటి రెండు బాతులను కొట్టడానికి నీల్ గుంపు మొత్తాన్నీ కాల్చేశాడని. ఆయన అభ్యంతరం అంతవరకే. దక్షిణాదిలో దుర్మార్గులు లేరని ఆయన అనలేదు, అందరినీ ఒకే గాటన కట్టొద్దన్నాడు. ఆయన నీల్ యంగ్ పాటలను ఇష్టంగా వినే మనిషి. తనకు నచ్చిన గాయకుడు తన ప్రాంతం గురించి అలా అనేసరికి చురుక్కుమంది.

పాట పుట్టిన తీరు మామూలుగానే ఉంది. రిహార్సల్‌లో బ్యాండ్ గిటారిస్ట్ గ్యారీ రాసింగ్టన్ ఒక రిఫ్ (తిరిగి తిరిగి వచ్చే చిన్న గిటార్ ముక్క) వాయిస్తుంటే ఇంకో గిటారిస్ట్ ఎడ్ కింగ్ గిటార్ అందుకున్నాడు, రోనీ మాటలు కట్టాడు. రోనీకి పాటలు కాగితం మీద పెట్టే అలవాటు లేదు, అంతా బుర్రలోనే. 1973 జూన్‌లో, మొదటి ఆల్బమ్ ఇంకా బయటికి రాకముందే, జార్జియా రాష్ట్రంలోని డోరావిల్‌లో స్టూడియో వన్‌లో రికార్డ్ చేశారు. 1974 ఏప్రిల్‌లో రెండో ఆల్బమ్ 'సెకండ్ హెల్పింగ్'లో వచ్చింది, సింగిల్‌గా, అంటే విడిగా అమ్మే పాటగా, అమెరికా చార్టులో 8వ స్థానం దాకా ఎక్కింది. రాసిన ముగ్గురిలో ఇద్దరు జాక్సన్‌విల్ వాళ్లు, ఎడ్ కింగ్ కాలిఫోర్నియా వాడు, ప్రొడ్యూసర్ అల్ కూపర్ న్యూయార్క్ మనిషి. అలబామా రాష్ట్రగీతంలా మారిన పాటలో అలబామా వాడు ఒక్కడూ లేడు. నీల్ యంగ్ బయటివాడు, ఆయనకేం తెలుసు అని వాదించేవాళ్లు ఈ సంగతి ఎత్తరు.

ఇప్పుడు ఆ చరణం. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, ఫోన్ స్పీకర్‌లో ఇది తేలదు. మొదట 'మిస్టర్ యంగ్' అంటాడు, మర్యాదగా. వెంటనే 'ఓల్ నీల్' అంటాడు, అంటే మన నీల్‌గాడు అన్నట్టు. మిస్టర్ యంగ్ మా ఊరి గురించి పాడగా విన్నాను, నీల్ దాన్ని చిన్నబుచ్చగా విన్నాను, దక్షిణాది మనిషికి ఆయనతో పని లేదని ఆయన గుర్తుంచుకుంటే మంచిది అని ముగిస్తాడు. ఆ 'దక్షిణాది మనిషి' అన్న మాట నీల్ యంగ్ పాట పేరే. ఆయన విసిరినదాన్నే పట్టుకుని తిప్పికొట్టాడన్నమాట. ఇదే చరణంలో ఎడమ ఛానెల్‌లో చాలా సన్నగా ఒక గొంతు నీల్ యంగ్‌ని అనుకరిస్తూ 'సదరన్ మ్యాన్' అని మూలుగుతుంది. అది ప్రొడ్యూసర్ కూపర్ గొంతని చెబుతారు. పగతో రికార్డ్ చేసిన పాటలో ఇలాంటి అల్లరి ఉండదు. మనవైపు వియ్యాలవారి పాటల్లో ఎదుటివాళ్ల పేరు పెట్టి ఆటపట్టిస్తారు చూడండి, ఆ వరస ఇది. ఇంకో చిన్న సంగతి: పాట మొదట్లో 'టర్న్ ఇట్ అప్' అని వినిపించేది శ్రోతలకు చెప్పిన మాట కాదు. హెడ్‌ఫోన్స్‌లో సౌండ్ చాలక రోనీ ఇంజనీర్‌ని అడిగాడు. బాగుందని అలాగే ఉంచేశారు.

'వాక్ ఆన్' విషయం. కొందరు నా పేరు తెచ్చి నా గురించి ఏదేదో మాట్లాడుతున్నారు, నడిచిపోదాం అనే అర్థంలో మొదలయ్యే పాట అది. 1974 జులైలో 'ఆన్ ద బీచ్' ఆల్బమ్‌లో, అంటే 'సెకండ్ హెల్పింగ్' తర్వాత కొద్ది నెలలకే వచ్చేసరికి, వినేవాళ్లు రెంటికీ ముడిపెట్టేశారు. ఆల్బమ్‌లు విడుదలైన వరుస చూస్తే నిజమే అనిపిస్తుంది. కానీ 'వాక్ ఆన్' 1973 నవంబర్ చివర్లోనే నీల్ యంగ్ రాంచ్‌లో రికార్డ్ అయిపోయింది. అప్పటికి 'స్వీట్ హోమ్ అలబామా' ఇంకా మార్కెట్‌లోకి రాలేదు. రాని పాటకు జవాబు ఎలా రాస్తాడు? పాటల గొడవల గురించి ఎవరైనా చెబితే విడుదల తేదీతో పాటు రికార్డింగ్ తేదీ కూడా చూడండి, సగం కథలు అక్కడే ఆగిపోతాయి.

నీల్ యంగ్ అసలు జవాబు ఏంటంటే, ఒప్పుకోవడం. 2012లో వచ్చిన తన ఆత్మకథలో, తన 'అలబామా' పాటకు ఆ దెబ్బ తగలాల్సిందేనని రాసుకున్నాడు. ఇప్పుడు వింటుంటే ఆ మాటలు తనకే నచ్చవని, నింద వేసినట్టూ పై నుంచి చూసి మాట్లాడినట్టూ ఉన్నాయని, పూర్తిగా ఆలోచించి రాయలేదని అన్నాడు. గమనించండి, ఈ మాట 'అలబామా' గురించి అన్నాడు. 'సదరన్ మ్యాన్' గురించి అలా అనలేదు. నాకు ఆ తేడా సబబుగానే తోస్తుంది. 'సదరన్ మ్యాన్'లో కొరడా దెబ్బలున్నాయి, గుడిసెలున్నాయి, కంటికి కనిపించే అన్యాయం ఉంది. 'అలబామా'లో సలహా ఎక్కువ, సరుకు తక్కువ. అయినా 1977లో తన పాటల సంకలనానికి రాసిన చిన్న వ్యాఖ్యలో 'సదరన్ మ్యాన్' మీద కూడా తనే చమత్కరించాడు: పౌరహక్కుల ఊరేగింపులో నడుస్తూ రాసినట్టు ఉండొచ్చు గానీ నేనక్కడ లేను, న్యూయార్క్‌లో ఫిల్మోర్ ఈస్ట్ కచేరీ హాల్ డ్రెస్సింగ్ రూమ్‌లో రాశాననుకుంటా అని.

ఇక రోనీ వైపు చూస్తే, స్టేజీ మీద నీల్ యంగ్ టీషర్ట్ వేసుకుని పాడిన ఫొటోలు చాలా ఉన్నాయి. 'టునైట్స్ ద నైట్' ఆల్బమ్ అట్ట బొమ్మ ఉన్న టీషర్ట్ అది. 'స్ట్రీట్ సర్వైవర్స్' ఆల్బమ్ కవర్ మీద కూడా అదే వేసుకున్నాడు. పగవాడి బొమ్మను ఎవరూ తమ ఆల్బమ్ కవర్ మీద వేసుకోరు. నీల్ యంగ్ అటునుంచి తను రాసిన 'పౌడర్‌ఫింగర్' అనే పాటను విడుదల చేయకముందే వీళ్లకు పంపాడు, మీరు పాడండి అని. నది మీదుగా దూసుకొచ్చే తుపాకుల పడవకు తండ్రి రైఫిల్‌తో ఎదురునిలిచి చచ్చిపోయే కుర్రాడి కథ. ఆయన రాసిన పాటల్లో అత్యుత్తమమైనవాటిలో ఒకటి, అందులో సందేహం లేదు. రోనీ గొంతులో ఎలా ఉండేదో మనకు వినే ప్రాప్తం లేకపోయింది. 'స్ట్రీట్ సర్వైవర్స్' 1977 అక్టోబర్ 17న విడుదలైంది. మూడు రోజులకు, అక్టోబర్ 20న, సౌత్ కరోలినాలోని గ్రీన్‌విల్ నుంచి బాటన్ రూజ్ వెళ్తున్న వాళ్ల విమానంలో ఇంధనం అయిపోయి మిసిసిపీలోని గిల్స్‌బర్గ్ దగ్గర అడవిలో కూలింది. రోనీ, గిటారిస్ట్ స్టీవ్ గెయిన్స్, స్టీవ్ అక్క కేసీ గెయిన్స్ సహా ఆరుగురు చనిపోయారు. ఆ కవర్ ఫొటోలో బ్యాండ్ చుట్టూ మంటలుంటాయి, అందుకే దాన్ని వెంటనే మార్చేశారు. 'పౌడర్‌ఫింగర్' 1979లో నీల్ యంగ్ సొంత ఆల్బమ్ 'రస్ట్ నెవర్ స్లీప్స్'లో వచ్చింది.

ప్రమాదం జరిగిన మరుసటి నెలలో మయామీలో పిల్లల ఆసుపత్రుల సహాయార్థం జరిగిన కచేరీలో నీల్ యంగ్ తన 'అలబామా' పాడుతూ 'స్వీట్ హోమ్ అలబామా'లోకి వెళ్లాడు. తనను ఎత్తిపొడిచిన పాటను తనే పాడాడు. రాజీ అన్న మాట వాడాలనుకుంటే అదిగో రాజీ.

రోనీని ఆ టీషర్ట్‌తోనే పాతిపెట్టారని ఒక పుకారు ఉంది. దాన్ని నమ్మకండి, ప్రచారం అసలు చేయకండి. 2000లో ఎవరో ఆయన సమాధిని పగలగొట్టారు, ఆ తర్వాత కుటుంబం శవపేటికను వేరే చోటికి మార్చాల్సి వచ్చింది. అభిమానుల సరదా కబుర్లకు ఒక హద్దుండాలి.

నిజమైన గొడవ ఎలా ఉంటుందో చూడాలంటే 1971 నాటి జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీల దగ్గరికి వెళ్లాలి. 1970 డిసెంబర్ 31న మెకార్ట్నీ బీటిల్స్ భాగస్వామ్యం రద్దు చేయమని లండన్ హైకోర్టుకెక్కాడు. 'రామ్' ఆల్బమ్‌లో 'టూ మెనీ పీపుల్' పాటలో గుచ్చాడు. లెనన్ ఊరుకున్నాడా? 'హౌ డు యూ స్లీప్' అని నేరుగా నిద్రెలా పడుతోందని అడిగాడు, జార్జ్ హారిసన్ ఆ పాటలో గిటార్ వాయించాడు. 'రామ్' అట్ట మీద మెకార్ట్నీ గొర్రె కొమ్ములు పట్టుకున్న ఫొటో ఉంటే, లెనన్ పంది చెవులు పట్టుకుని ఫొటో దిగి తన ఆల్బమ్‌తో పాటు పోస్ట్‌కార్డ్‌గా పంచాడు. కోర్టు, లాయర్లు, డబ్బు, పాత స్నేహం, అన్నీ ఉన్నాయి. పాట ఆ గొడవలో ఒక ముక్క మాత్రమే. తిరుపతి వేంకట కవులూ కొప్పరపు కవులూ ఒకరి మీద ఒకరు పద్యాలు గుప్పించుకున్న రోజుల గురించి విన్నవాళ్లకు ఇది కొత్తగా ఉండదు. అక్కడా ఆస్థానాలు, సన్మానాలు, శిష్యవర్గాలు, పోటీకి అసలు కారణాలు బయట ఉన్నాయి. యంగ్‌కీ వాన్ జాంట్‌కీ మధ్య అలాంటి బయటి కారణం ఒక్కటి చూపించమనండి మీ రూమ్మేట్‌ని.

ఇప్పుడు నేను మొదట చెప్పిన తర్వాతి చరణానికి వస్తాను. కాస్త ఎక్కువసేపు ఆగాల్సింది ఇక్కడే.

బర్మింగ్‌హామ్‌లో వాళ్లు గవర్నర్‌ని ప్రేమిస్తారు, అని మొదలవుతుంది. ఆ వెంటనే వెనక గొంతులు 'బూ బూ బూ' అంటాయి. తర్వాత, మేం చేయగలిగింది మేం చేశాం. ఆ పైన, వాటర్‌గేట్ (అప్పటి అధ్యక్షుడు నిక్సన్ కుంభకోణం) నన్నేం బాధపెట్టడం లేదు, మీ మనస్సాక్షి మిమ్మల్ని బాధపెడుతోందా, నిజం చెప్పండి.

ఆ గవర్నర్ జార్జ్ వాలెస్. 1963 జనవరిలో మాంట్‌గమరీలో ప్రమాణం చేస్తూ, నల్లవాళ్లనూ తెల్లవాళ్లనూ వేరుగా ఉంచడం ఇప్పుడూ రేపూ ఎప్పటికీ ఉంటుందని ప్రకటించిన మనిషి. అదే ఏడాది జూన్‌లో ఇద్దరు నల్లజాతి విద్యార్థులు చేరకుండా అలబామా యూనివర్సిటీ గుమ్మంలో నిలబడ్డాడు. సెప్టెంబర్ 15న, ఆదివారం పొద్దున, మీ బర్మింగ్‌హామ్‌లోనే 16వ వీధి బాప్టిస్ట్ చర్చిలో క్లాన్ మనుషులు బాంబు పెట్టారు. నలుగురు ఆడపిల్లలు చనిపోయారు. ముగ్గురికి 14 ఏళ్లు, ఒక పాపకు 11. ఆ చర్చి ఇప్పటికీ ఉంది, ఎదురుగా సివిల్ రైట్స్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఇంకా వెళ్లకపోతే ఒక శనివారం వెళ్లిరండి. పాట రికార్డ్ అయ్యేనాటికి ఇది జరిగి పదేళ్లు కూడా నిండలేదు, వాలెస్ అప్పుడూ గవర్నరే. బర్మింగ్‌హామ్ రాజధాని కూడా కాదు, గవర్నర్ ఉండేది మాంట్‌గమరీలో. మరి గవర్నర్ మాట ఎత్తి బర్మింగ్‌హామ్ పేరు ఎందుకు తెచ్చారు? 1973లో ఆ పేరు చెబితే అమెరికాలో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఆ చర్చే.

బ్యాండ్ వాళ్లు చెప్పుకునేది ఏంటంటే, ఆ 'బూ'లు వాలెస్‌ని ఈసడించడానికే పెట్టామని. గ్యారీ రాసింగ్టన్ చివరిదాకా ఇదే చెప్పాడు. 'వాళ్లు ప్రేమిస్తారు' అన్నామే గానీ 'మేం' అనలేదు కదా అన్నది వాళ్లవైపు వాదన. రోనీ మాటల పొందికలో ఇది కొట్టిపారేయదగ్గది కాదు. అదే ఆల్బమ్‌లో 'ద బల్లాడ్ ఆఫ్ కర్టిస్ లో' అనే పాట ఉంది. ఊళ్లో ఎవరూ లెక్కచేయని ముసలి నల్లజాతి గిటార్ కళాకారుడికి ఒక తెల్ల పిల్లాడు చేసే నమస్కారం అది. వాలెస్ భక్తుడు అలాంటి పాట రాయడు.

అలాగని ఊపిరి పీల్చుకోవడానికి లేదు. పాట చివర సౌండ్ తగ్గుతూ పోయేచోట చెవి పెట్టండి, 'గవర్నర్ నిజమైనవాడు' అన్న ముక్క వినిపిస్తుంది. అక్కడ బూ లేదు. వాలెస్ వీళ్లకు రాష్ట్ర మిలీషియాలో గౌరవ పదవులిస్తే పుచ్చుకున్నారు. స్టేజీ వెనక కాన్ఫెడరేట్ జెండా వేలాడదీశారు. బానిసత్వం నిలబెట్టడం కోసం యుద్ధం చేసిన రాష్ట్రాల జెండా అది. మార్కెటింగ్ కోసం రికార్డ్ కంపెనీ మొదలుపెట్టిందని తర్వాత చెప్పుకున్నారు, కానీ దించడానికి దశాబ్దాలు తటపటాయించారు. ఇక 'మేం చేయగలిగింది చేశాం' అన్న వాక్యం. ఓడించడానికి చేయగలిగిందా, గెలిపించడానికా? వినేవాడు ఎవరైతే వాడికి కావలసినట్టు అర్థమవుతుంది. నా అభిప్రాయం అడిగితే, రోనీ తెలిసే ఆ తలుపు తెరిచి ఉంచాడు. వాలెస్ అభిమానీ వాలెస్ వ్యతిరేకీ ఒకే గదిలో చేతులెత్తి ఊగే పాట కావాలంటే ఇలాగే రాయాలి. రాత పనితనంగా చూస్తే మెచ్చుకోవాలి. నలుగురు పిల్లలు పోయిన ఊరి పేరు ఎత్తి అలా రాయడం మాత్రం నాకు ఎప్పుడూ మింగుడు పడలేదు.

వాటర్‌గేట్ మాట వేరే, అది గట్టి దెబ్బ. 1973 జూన్‌లో సెనేట్ విచారణలు టీవీలో వస్తున్నాయి. మా గవర్నర్ పాపం మా అందరికీ అంటగడితే మీ అధ్యక్షుడి పాపం మీ అందరికీ అంటగట్టమా అని అడుగుతున్నాడు. ఉత్తరాది శ్రోత దగ్గర దీనికి సులువైన సమాధానం లేదు.

ఈ చరణంలో బూ అన్నది ఎవరి గొంతో ఖాయంగా చెప్పలేను గానీ, పల్లవిలో వెనక మోగే ఆడగొంతుల్లో ఒకటి మెరీ క్లేటన్‌ది, ఇంకొకటి క్లైడీ కింగ్‌ది. ఇద్దరూ నల్లజాతి గాయనులు. రోలింగ్ స్టోన్స్ బ్యాండ్ పాట 'గిమ్మీ షెల్టర్'లో గొంతు చీలిపోయేలా పాడింది ఈ మెరీ క్లేటనే. ఈ పాటకు పిలిచినప్పుడు మొదట పాడనంది. అలబామా అనగానే ఆమెకు ఆ చర్చి, ఆ పిల్లలు గుర్తొచ్చారు. భర్త, జాజ్ శాక్సఫోన్ వాద్యకారుడు కర్టిస్ ఏమీ, వెళ్లి పాడమన్నాడు. నిరసనగానే పాడానని ఆమె తర్వాత చెప్పుకుంది. ఇంకా వినండి: 1971లో ఆమె తన సొంత ఆల్బమ్‌లో నీల్ యంగ్ 'సదరన్ మ్యాన్' పాడింది. అంటే ఈ 'పోరు'లో రెండు పక్షాలా ఒకే గొంతు ఉంది. రెండు రికార్డులూ పక్కపక్కన పెట్టుకుని వినండి. ఇద్దరు మగ గాయకుల తగువు కన్నా ఆమె కథ నాకు ఎక్కువ విలువైనదిగా తోస్తుంది.

చివరి చరణంలో మజిల్ షోల్స్ అనే అలబామా ఊరి పేరు, స్వాంపర్స్ అన్న పేరు వస్తాయి. అలబామాలోని షెఫీల్డ్‌లో స్టూడియో నడిపిన నలుగురు తెల్ల వాద్యకారుల ముద్దుపేరు స్వాంపర్స్. అరీథా ఫ్రాంక్లిన్, విల్సన్ పికెట్ లాంటి నల్లజాతి గాయకుల వెనక వాయించినవాళ్లు. లెనర్డ్ స్కినర్డ్ వాళ్లు పేరు రాకముందు అక్కడే రికార్డ్ చేసుకున్నారు కాబట్టి అది కృతజ్ఞత. ఆ నలుగురిలో బేస్ వాయించిన డేవిడ్ హుడ్ కొడుకు ప్యాటర్సన్ హుడ్ పెద్దయ్యాక డ్రైవ్ బై ట్రక్కర్స్ అనే బ్యాండ్ పెట్టి, 2001లో 'రోనీ అండ్ నీల్' అని ఏకంగా ఈ వ్యవహారం మీదే పాట కట్టాడు. వాళ్లిద్దరూ స్నేహితులేనని అందులో ఉంది. మీ రూమ్మేట్‌కి వ్యాసం చదివే ఓపిక లేకపోతే ఆ పాట వినిపించండి.

మరి ఇన్ని ఆధారాలున్నా పగ కథ ఎందుకు బతికుంది? నా లెక్కలో ముఖ్య కారణం రేడియో. 'సదరన్ మ్యాన్', 'అలబామా' ఆల్బమ్ పాటలు. 'స్వీట్ హోమ్ అలబామా' హిట్ సింగిల్, యాభై ఏళ్లుగా ఆగకుండా మోగుతోంది. జనం ప్రశ్న వినకుండా జవాబే వింటున్నారు. ప్రశ్న తెలియనప్పుడు జవాబులోని ఎత్తిపొడుపు తిట్టులాగే వినిపిస్తుంది.

మీ రెండో ప్రశ్న. పాడండి, ఇబ్బందేం లేదు. అలబామా యూనివర్సిటీ ఫుట్‌బాల్ మ్యాచ్‌ల్లో పల్లవి మధ్య 'రోల్ టైడ్ రోల్' అని జట్టు నినాదం స్టేడియం అంతా అరిచే పాట అది. కానీ హాల్లో మీ నల్లజాతి స్నేహితులూ ప్రొఫెసర్లూ ఉంటే వాళ్లు గవర్నర్ చరణాన్ని మనలా వినరు. ఆ చరణం కత్తిరించడం నాకు నచ్చదు, 'బూ'లు వదిలేయడం ఇంకా తప్పు. వాటిని గట్టిగా పాడించండి, జెండా బొమ్మలున్న బ్యాక్‌గ్రౌండ్ వీడియో మాత్రం పెట్టకండి. వీలైతే ముందు 'సదరన్ మ్యాన్' రెండు చరణాలు పాడి, ఆగకుండా ఇందులోకి రండి. అది డి మైనర్, ఇది డి మేజర్ కార్డ్‌తో మొదలు, బేస్ వాయించేవాడు అదే డి మీద నిలబడితే మారడం తేలిక. రిఫ్‌కి రెండు బీట్లు డి, రెండు బీట్లు సి, నాలుగు బీట్లు జి.

సోలో వాయించేవాడు ఒక మాట అడుగుతాడు, ఇది ఏ కీ (శ్రుతి) అని. కూపర్ డి అన్నాడు, ఎడ్ కింగ్ జి అనుకునే సోలో వాయించాడు, తప్పు కీలో ఉందని కూపర్ అభ్యంతరం చెప్పాడు కూడా. ఈ పాట చుట్టూ మనుషులు నిజంగా పట్టుబట్టి వాదించుకున్న విషయం ఇదేనేమో. మీ వాడిని జి మేజర్ పెంటటానిక్‌లో, అంటే జి నుంచి మొదలయ్యే ఐదు స్వరాల స్కేలులో, మొదలుపెట్టమనండి, రికార్డుకు దగ్గరగా వస్తుంది.